బందరు రోడ్డుకి దగ్గర్లో

బందరు అంటే రేవని
బందరు రోడ్డు మీద ఎవర్నడిగినా చెప్తారు.
రేవు మాత్రం ఎక్కడో డెబ్భై కిలోమీటర్ల అవతల.
బెజవాడలో మాకున్నది బ్యారేజీ, మూడు కాలవలు,
గవర్నరుపేటలో జెరాక్సు షాపు పైన
పది బై పన్నెండు గది.
'ఓడ పనివాళ్ల సంఘం' అన్న బోర్డు చూసి
కింద టీ కొట్టు రత్తయ్య మొదట్లో నవ్వాడు:
"ఇక్కడ ఓడలెక్కడివమ్మా?"

ఓడలు లేవు. ఓడల్లో మనవాళ్లున్నారు.
తెనాలి వాళ్లు, కృష్ణలంక వాళ్లు,
పదకొండంతస్తుల తెల్లటి ఓడ అడుగున
కిటికీ లేని గదుల్లో
సముద్రం మీదుండి సముద్రం చూడనివాళ్లు.

నేనూ ఉన్నాను, నాలుగు కాంట్రాక్టులు.
రోజుకి పద్దెనిమిది గదులు.
తువ్వాలు మడిచి ఏనుగుని చేసి
మంచం మీద కూర్చోబెట్టేదాన్ని.
దొరల పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు.
ఇప్పటికీ ఉతికిన తువ్వాలు చేతికొస్తే
వేళ్లు తొండం కోసం వెతుకుతాయి,
కుడి బొటనవేలు తప్ప.

అది ఇనప తలుపు సందులో పడింది.
'నా అజాగ్రత్తే' అని కాగితం వాళ్లే రాసి
పెన్ను కూడా వాళ్లే ఇచ్చారు.
పెన్ను పట్టడానికి వేలు లేకపోవడం
ఆ రోజు నా అదృష్టం.
అప్పుడే ఫోన్లో విన్నాను జక్రయ్య గారి గొంతు:
"సంతకం పెట్టకు సలోమీ.
ముందు అన్నం తిను."

నూట పన్నెండు రోజుల జీతం, ఆపరేషను ఖర్చు.
దానికి ఎనిమిది నెలలు, నలభై ఉత్తరాలు.
స్వీట్లు ఇచ్చిపోదామని వచ్చినదాన్ని
ఈ కుర్చీలో ఉండిపోయాను.

గోడకి మూడు గడియారాలు:
మన టైము, మయామీ టైము,
బ్యాటరీ అయిపోయిన టైము.

నిన్న రాత్రి రెండున్నర. కరెంటు లేదు.
నాగుల్ మీరా, పొన్నూరు కుర్రాడు,
ఓడ వంటింట్లో గిన్నెలు తోమేవాడు,
బాత్రూంలోంచి గుసగుసగా:
"అక్కా, పదహారు గంటలు చేశా.
పదే చేసినట్టు రాయమంటున్నారు.
నిజం రాస్తే కంప్యూటర్లో గడి ఎర్రబడుద్దంట."

జక్రయ్య గారు ఫోను లాక్కున్నారు.
"గుంటూరు జిల్లా వాడివి,
ఎరుపుకి భయపడతావేంరా?
ఎర్రబడనీ. ఫోటో తీసి పంపు.
రేపు ఏ ఊరు?"
"పేరు నోరు తిరగట్లేదు సార్. గ్రీకు ఊరు."

ఆ ఊళ్లో మాకొక మనిషి ఉంది.
ఎప్పుడూ చూడలేదు. పెళ్లయిందో లేదో తెలీదు.
సెల్‌ఫోను వెలుగులో ఉత్తరం రాశాం.
పొద్దున ఎనిమిదికి పసుప్పచ్చ జాకెట్టు వేసుకుని
ఆమె ఓడ మెట్లెక్కిందట,
నెలరోజుల లెక్కలు చూపించమందట.

అన్నీ ఇలా అవవు.
లబ్బీపేట ఏజెంటు
రెండు లక్షలు తీసుకుని షట్టరు దించేశాడు.
ఎక్కాల్సిన ఓడే లేదు.
ఆ ఫైలు మీద దుమ్ము తుడవడమే
మాకు చేతనైంది.
డబ్బు కట్టినవాడి అన్న ఇప్పటికీ గురువారం వస్తాడు.
ఏమీ అడగడు. టీ తాగి వెళ్తాడు.

ఇవాళ సాయంత్రం మెసేజి:
'పడుకున్నా అక్కా. పది గంటలు.
లేచేసరికి ఏ ఊరో తెలీలేదు.'
కాసేపాగి ఇంకొకటి:
'నా పై బంకులో ఫిలిప్పీన్స్ వాడున్నాడు.
వాడికి మన సంఘం పనికొస్తదా?'

కళ్లజోడు తుడుచుకుంటూ జక్రయ్య గారు:
"ఓడలో ఉన్నోడేగా?
మనోడే."

రసీదు పుస్తకం తీశాను.
కార్బను పేపరు సర్దాను.
స్పెల్లింగు అడుగుతున్నాను.